సన్మానం కూలి అవుతుందా?

2024 మే నెలలో ఒక చిన్న వీడియో చాలామంది ఫోన్లలో తిరిగింది. హైదరాబాద్ శివార్లలో, తుర్కయంజాల్ దగ్గర ఇల్లు కడుతున్న చోట వయసు మళ్ళిన ఒక మనిషి కూలి పని చేస్తున్నారు. ఆయన దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాలమూరు వీరుల కథలు పాడే కళాకారుడు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకు ముందు వినిపించిన గొంతు ఆయనదే. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలూ, ఇంటి స్థలమూ ప్రకటించింది. రెండేళ్ళు తిరగకుండానే ఆయన కూలికి వెళ్ళారు. వచ్చిన డబ్బు పిల్లల పెళ్ళిళ్ళకూ, ఇంటికీ అయిపోయిందనీ, నెలనెలా రావలసిన పదివేలు ఆగిపోయాయనీ పత్రికల వాళ్ళతో చెప్పారు.

‘పద్మశ్రీ గ్రహీత కూలి పని చేయడమా!’ అని అందరూ నొచ్చుకున్నారు. ఆ నొప్పి నిజమైనదే, దాన్ని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ నొప్పి సరిగ్గా ఎక్కడ పుట్టింది? మనం దేన్ని చూసి సిగ్గుపడ్డాం? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఒక కళాకారుడికి సమాజం ఇచ్చేది దానమా, బహుమానమా, లేక బాకీ తీర్చడమా అన్నది ఇక్కడే తేలుతుంది.

పాలమూరుకు కూలి కొత్త కాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు కూలీ చెయ్యి పడిందని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. గుంపు మేస్త్రీ చేతుల్లో అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్ళను ఇంటి దగ్గర వదిలి, పసిపిల్లలను చంకనెత్తుకుని ఆలుమగలు పోయేవారు. తల మీద మట్టి తట్ట మోసిన ఆడవాళ్ళు ఆ గుంపుల్లో సగం. వాళ్ళకు మగవాళ్ళ కంటే కూలి తక్కువ. వాళ్ళను చూసి దేశం నొచ్చుకోలేదు. మొగులయ్య తట్ట ఎత్తితే అది అవమానమైతే, ఏళ్ళ తరబడి అదే తట్ట ఎత్తిన ఆడమనిషి బతుకంతా అవమానమేనని ఒప్పుకోవాలి. నేను అలా ఒప్పుకోలేను. తట్టలో అవమానం లేదు. చిన్నప్పటి నుంచీ ఆయన చేసిన అసలు పనిని మనం ఎన్నడూ పనిగా లెక్కించలేదు. అందుకే పూట గడవడానికి ఆ పనిని పక్కన పెట్టి, కూలి దొరికే మరో పనికి వెళ్ళాల్సి వచ్చింది. అవమానం అక్కడ ఉంది.

కిన్నెర ఎంత పనిని అడుగుతుందో చూద్దాం. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనంతో అతికించిన మెట్లు, బిగించిన తీగలు. పాటకు తగ్గట్టు తల ఊపే చెక్క పిట్ట ఒకటి. వెనకటి రోజుల్లో మెట్లకు అలుగు పొలుసులు వాడేవారు. ఇది బజారులో కొనుక్కునే వాద్యం కాదు. వాయించేవాడే చేసుకోవాలి, పగిలితే వాడే అతుకుపెట్టుకోవాలి, తడవకుండా కాపాడుకోవాలి. తండ్రి దగ్గర కొడుకు ఏళ్ళ తరబడి కూర్చుంటే గాని చేతికి రాదు. ఇక కథలు. పండుగ సాయన్న, మియాసాబు, ఎండబెట్ల ఫకీరయ్య, వట్టెం రంగనాయకమ్మ. అచ్చులో చోటు దొరకని పాలమూరు చరిత్ర చాలాకాలం ఈ గొంతుల్లోనే ఉంది. దొర గాదెలు కొట్టి పేదలకు పంచిన సాయన్న గురించి సర్కారు కాగితం దొంగ అని రాస్తే, కిన్నెర వీరుడని చెప్పింది. ఈ ప్రాంతపు దస్తావేజుల గదిని మోసిన మనుషులకు ఆ గది అద్దె ఎవరు కట్టారు?

ఒకప్పుడు ఆ అద్దెకు ఒక లెక్క ఉండేది. మొగులయ్య డక్కలి కులానికి చెందినవారు. చిందు, మాస్టి, బైండ్లల్లాగే డక్కలివారు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగల గోత్రాలు చెప్పి, జాంబపురాణం వినిపించి, తమకు పంచుకున్న ఊళ్ళలో వాటా అడిగేవారు. దాన్ని మిరాశీ అనేవారు. బయటివాళ్ళు దాన్ని అడుక్కోవడం అన్నారు. ఇచ్చేవాళ్ళకూ, పుచ్చుకునేవాళ్ళకూ అది బిచ్చం కాదని తెలుసు. ఇవ్వకపోతే డక్కలివాడికి నిలబడి అడిగే హక్కు ఉండేది. కథ చెప్పడం అతని పని, వాటా ఇవ్వడం ఇంటివాళ్ళ విధి. ‘నా మీద దయ చూపు’ అనే చెయ్యికీ, ‘నాకు రావలసింది ఇవ్వు’ అనే చెయ్యికీ ఎంత తేడా ఉందో ఇంట్లో నెల ఖర్చుకు డబ్బు అడిగిన ఏ స్త్రీకైనా తెలుసు.

అయితే ఆ మిరాశీని బంగారు కాలంగా చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. ఆ హక్కు కులం అనే చట్రంలో బిగించి ఉంది. ఊరు మాదిగను వెలివేస్తే, ఆ మాదిగవాడ డక్కలిని మరో గడప అవతల నిలబెట్టింది. వాటా ఇచ్చిన చేతులే దూరం పాటించాయి. ఇచ్చేవాళ్ళ దగ్గరా ఎంతుందని? వెట్టిలో నలిగిన వాడల నుంచి రావలసిన వాటా అది. పైగా పుట్టుకతో అంటగట్టిన పని అది, ఎంచుకున్నది కాదు. అందుకని వెనక్కి పోవడం దారి కాదు. కానీ మనం చేసిందేమిటి? సంకెళ్ళతో పాటు హక్కునూ తీసి పారేశాం. కులాన్ని అలాగే ఉంచి, వాటాను మాత్రం రద్దు చేశాం. ఆ ఖాళీలో సన్మానాన్ని పెట్టాం.

సన్మానానికీ వాటాకూ తేడా చిన్నది కాదు. వాటా ఏటేటా వస్తుంది, సన్మానం ఒకసారి వస్తుంది. వాటా పాడే కుటుంబాలన్నిటికీ వస్తుంది, సన్మానం ఒక్కరిని ఎంచుకుంటుంది. వాటా ఇవ్వకపోతే తప్పు ఇచ్చేవాడిది. సన్మానం ఇచ్చాక బతకలేకపోతే తప్పు పుచ్చుకున్నవాడిదైపోతుంది. ‘అంత డబ్బిస్తే ఏం చేసుకున్నాడు?’ అనే ప్రశ్న అప్పుడే పుడుతుంది. నెల జీతం తీసుకునే మనల్ని ఆ జీతం ఏం చేశావని ఎవరూ అడగరు, అది మన కష్టార్జితం కాబట్టి. లెక్క చెప్పమని అడిగేది దానం తీసుకున్నవాళ్ళనే. ఆ ప్రశ్న వచ్చిందంటే, మనం ఇచ్చిందాన్ని లోలోపల దానంగానే రాసుకున్నామని అర్థం.

ఈ తర్కం స్త్రీవాదులకు కొత్తగా అనిపించదు. పనికి కూలి ఇవ్వకుండా ఉండడానికి అన్నిటికంటే పాత ఉపాయం ఆ పనిని పూజించడం. ఇల్లాలిని గృహలక్ష్మి అంటే ఆమె చేసిన చాకిరీకి లెక్క రాయనక్కర లేదు. తల్లి ప్రేమకు వెల కట్టలేమంటే ఇక కట్టే పని ఉండదు. 1972లో ఇటలీలోని పాదువాలో మొదలై దేశాలు దాటిన ‘ఇంటిపనికి వేతనం’ ఉద్యమం పట్టుకున్న కొస ఇదే. ప్రేమ అని పేరు పెట్టినదంతా జీతం లేని పనేనని మరియరోసా దల్లా కోస్తా, సెల్మా జేమ్స్, సిల్వియా ఫెదరిచి వాదించారు. మన దేశంలో 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తారు. కవిత్వంలో తల్లికి దొరికిన చోటు ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు.

పాలమూరు మరీ క్రూరమైన ఉదాహరణ కూడా చూపిస్తుంది. ఊరి దేవుడితో పెళ్ళి చేసి దళిత ఆడపిల్లలను జోగినులుగా మార్చిన ప్రాంతం ఇది. ఉత్సవంలో ఆమె పవిత్రురాలు. ఆమె ఆడకపోతే జాతర కదలదు. తెల్లవారితే ఆమె ఊరుమ్మడి ఆస్తి. 1988లో చట్టం ఆ ఆచారాన్ని నిషేధించింది. పవిత్రత పేరుతో ఒక మనిషి శరీరాన్నీ, పాటనూ, ఆటనూ ఉచితంగా తీసుకోవచ్చని దానివల్ల మనం నేర్చుకున్నాం. నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ బతుకు కూడా ఇదే చెబుతుంది. ఆమె చిన్నప్పుడే జోగిని అయింది. వేషం కడితే స్త్రీ పాత్రలే కాదు, పురుష పాత్రల్లోనూ జనాన్ని కదలనివ్వలేదు. పెద్ద వేదికలు ఎక్కింది, సన్మానాలు పొందింది, 2005లో పోయింది. ఆమెను తలచుకున్నప్పుడల్లా ‘మహాకళాకారిణి’ అంటాం. ఆ మాట నిజమే. ఆ మాటతో సరిపెట్టడమే మన అలవాటు.

నల్గొండకు ఈ అలవాటుకు సరైన పేరు తెలుసు. వెట్టి. ఆచారం పేరు చెప్పి కూలి లేకుండా చేయించుకునే పని. 1940లలో ఈ నేల తిరగబడింది దాని మీదే. ఆ పోరాటంలో స్త్రీలు ఏం చేశారో స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చినప్పుడు మరో సంగతి బయటపడింది. వెట్టిని ఎదిరించిన ఉద్యమంలోనే ఆడవాళ్ళ పని సాయంగా, త్యాగంగా జమ అయింది గాని పనిగా కాదు. కొట్టివేయవలసిన పద్ధతి మన లోపలి గదుల్లోనే ఉంటుందని ఆ పుస్తకం నేర్పింది. అది నేర్పిన కళ్ళతో చూస్తే, సభల్లో జానపద కళాకారుడి భుజాన కప్పే శాలువా కింద వెట్టి కనిపించకుండా పోదు.

ఇదంతా మన వెనకబాటుతనం వల్లనేనా? కాదు. మనకు చాలా దూరంలో ఉన్న ఒక సంగీతకారుడి జీవితం చూద్దాం. జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఆల్ఫా బాయ్స్ స్కూల్ అని ఒకటి ఉండేది. జస్టినా రిపోల్ అనే యువతి 1880లో ఒక అనాథ ఆడపిల్లకు నీడనివ్వడంతో ఆ ఆశ్రమం మొదలైంది. తర్వాత కేథలిక్ సన్యాసినులు దాన్ని నడిపారు. అక్కడ పేద పిల్లలకు కుట్టుపని, అచ్చుపని నేర్పినట్టే బ్యాండు వాయించడమూ నేర్పారు. వాద్యం అక్కడ ఒక చేతిపని. నేర్చుకున్నవాడు హోటల్ బ్యాండులోనో, సైనిక బ్యాండులోనో చేరి బతకాలన్నది లెక్క. 1939 నుంచి అక్కడే ఉన్న సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ డేవిస్ ఆ పిల్లల సంగీతాన్ని కనిపెట్టుకుని ఉంది. స్కా, రెగె సంగీతాలకు ఊపిరి పోసిన టామీ మెకుక్, సెడ్రిక్ బ్రూక్స్ లాంటి శాక్సోఫోన్ కళాకారులు ఆ బడి పిల్లలే. ఆడపిల్లతో మొదలైన చోట బాకా ఊదే అవకాశం మగపిల్లలకే దక్కిందన్నది మరవకూడదు.

ఆ పిల్లల్లో ఒకరు జో హ్యారియట్. 1928లో పుట్టి, 1951లో ఇంగ్లండు చేరి, ఆల్టో శాక్సోఫోన్‌తో జాజ్‌లో కొత్త దారి తొక్కాడు. 1960ల మధ్యలో కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్‌తో కలిసి మన రాగాలనూ, సితారునూ, తబలానూ జాజ్ పక్కన కూర్చోబెట్టాడు. ఆ రికార్డులను ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ విడుదల చేస్తున్నారు, అతని మీద పుస్తకాలు రాశారు. కానీ చివరి సంవత్సరాల్లో అతనికి నిలకడైన సంపాదన లేదు. 1973లో, 44 ఏళ్ళకే, పేదరికంలో క్యాన్సర్‌తో చనిపోయాడు. అంటే వాద్యాన్ని చేతిపనిగా నేర్పినంత మాత్రాన చాలదు. శబ్దం రికార్డు అయిన క్షణం నుంచీ అది వాయించినవాడి నుంచి విడిపోయి, మరొకరి చేతిలో సరుకవుతుంది. మొగులయ్య గొంతు సినిమా పాటగా ఎన్ని కోట్ల చెవులకు చేరిందో, ఆ చేరడానికీ ఆయన పొయ్యి మీది కుండకూ మధ్య అంత ఎడం ఉంది.

చట్టం ఈ ఎడాన్ని కొంత గుర్తించింది. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించి, తమ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే అందులో వాటా పొందే హక్కును ప్రదర్శకులకు ఇచ్చారు. కానీ రాసినవారి పేరు తెలియని పాటకు ఆ చట్టంలో యజమాని లేరు. డక్కలి ఇళ్ళు తరతరాలుగా కాపాడిన కథను ఎవరైనా తీసుకోవచ్చు. ‘జానపదం’ అన్న ఒక్క మాటతో అది అందరిదీ అయిపోతుంది. అందరిదీ అయినప్పుడు మోసినవారిది కాకుండా పోతుంది. పాట సేకరించినవారికి డిగ్రీ, సంకలనం చేసినవారికి పుస్తకం, సినిమావారికి వసూళ్ళు, బడిపిల్లలకు పాఠం. పాడినవారికి చప్పట్లు. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ వరుసలో తమ స్థానం ఏదో తేల్చుకోక తప్పదు. ఇది ఒకరిద్దరి మంచితనానికి సంబంధించిన విషయం కాదు, పద్ధతికి సంబంధించినది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పాటను కూలితో కొలిస్తే దాని విలువ తగ్గిపోదా? కళ గంటల లెక్కన సాగుతుందా? ఈ మాటను నేను తేలికగా కొట్టెయ్యను. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుడి కథ చెప్పాడు. శివుడి ముందు కిన్నెర మీటడమే అతని బతుకు. అందులో భక్తికీ జీవనానికీ గోడ లేదు. వాయించినందుకు తిండి దొరకడం ఆ పాటను మైలపరచలేదు. వెల కట్టలేనిదానికి అసలేమీ ఇవ్వనక్కర లేదన్నది మనం కనిపెట్టుకున్న సౌకర్యం. వైద్యుడు కాపాడిన ప్రాణానికి వెల లేదు, అయినా వైద్యుడికి జీతం ఉంది. జీతం ప్రాణానికి వెల కాదు, అతను రేపు కూడా బతికి ఉండి మరొకరిని బతికించడానికి ఇచ్చేది. పాటకు ఇచ్చే కూలి కూడా అంతే. అది పాట వెల కాదు, పాడే మనిషి రేపటి పూట.

రెండో అభ్యంతరం నాది. కూలి అన్నప్పుడు ఎవరి చేతికి? 2023లో ‘బలగం’ సినిమా చివరలో జనాన్ని ఏడిపించిన పాటను బుడగజంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ కలిసి పాడారు. కొమురమ్మ గొంతు లేకపోతే ఆ పాట సగం. 2024 డిసెంబరులో మొగిలయ్య పోయారు. ఇలాంటి జంటల్లో ఒకరు పోతే మిగిలిన ఆమెను లోకం కళాకారిణిగా చూస్తుందా, కళాకారుడి భార్యగా చూస్తుందా? సంచార కుటుంబాల్లో పాట ఒక్కరి పని కాదు. గుడారం వేసేదీ, ఊరు ఊరూ తిరిగి గింజలు పోగుచేసేదీ, వంతపాడేదీ, బిడ్డను ఆడిస్తూనే కథ గుర్తుపెట్టుకునేదీ ఆమె. కిన్నెర పగలకుండా మూట కట్టిన చేతులు ఎవరివో ఏ పురస్కార పత్రంలోనూ ఉండదు. మన ప్రాంతం నుంచి వాద్యం కోసం పద్మశ్రీ అందుకున్నవారిని చూడండి. 2022లో మొగులయ్య, 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప. ఇద్దరూ అర్హులే. ఒక మనిషిని మాత్రమే చూడగల కన్ను సన్మానానిది, ఒక ఇంటిని చూడగల కన్ను వాటాది. మిరాశీ నుంచి మనం కాపాడుకోవలసింది ఆ కన్నును, దాని చుట్టూ ఉన్న కులాన్ని కాదు.

అంటే ఏం అడగాలి? పెద్ద మొత్తాలు కాదు, ఆగిపోని చిన్న మొత్తాలు. ఉత్తర్వు మారితే ఆగిపోయే గౌరవ వేతనం కాదు, ఆగితే నిలదీయగల పింఛను. అది బిరుదు ఉన్నవారికే కాదు, బిరుదు రాని కిన్నెర కుటుంబాలకూ, అందులోని ఆడవాళ్ళ పేర్ల మీద కూడా రావాలి. కిన్నెర గురించి పాఠ్యపుస్తకంలో పాఠం ఉంటే చాలదు, బడిలో దాన్ని నేర్పే మనిషికి జీతం ఉండాలి. ఆ తరగతిలో ఆడపిల్ల కూడా కూర్చుని మెట్ల మీద వేళ్ళు పెట్టాలి. రికార్డు చేసిన ప్రతి గొంతుకూ, అది వినిపించిన ప్రతిసారీ ఎంతో కొంత చేరాలి. ఇవేవీ దయ కాదు. మనం ఇప్పటికే తీసేసుకున్న సరుకుకు కట్టవలసిన డబ్బు.

లింగాల మండలం అవుసలికుంట నుంచి వచ్చిన ఒక మనిషి ఇల్లు కట్టే చోట కూలి చేసి సాయంత్రానికి డబ్బు తీసుకున్నాడు. ఆ పూట ఆయనకు పనీ కూలీ రెండూ సరిపోయాయి. పాట పాడిన రోజుల లెక్కే తెగలేదు. ఆ లెక్క మన దగ్గర ఉంది.